నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా

అది 2005 వేసవి. పార్క్ లేన్‌లో ఒక కాంప్లెక్స్ మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ వైపు మూడో షటర్ మాది. నేరేడ్‌మెట్‌లో ఇల్లు, సికింద్రాబాద్‌లో దుకాణం, రెంటికీ మధ్య నా పాత స్కూటర్. విడిభాగాలు తెచ్చి కస్టమర్ కళ్ల ముందే కంప్యూటర్ బిగించి ఇవ్వడం నా పని. దాన్ని అసెంబ్లింగ్ అంటాం. అప్పట్లో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక కోర్సు నేర్చుకుంటున్నారు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. మాకు మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు.

గిరాకీతో పాటు నాకు గర్వం కూడా పెరిగింది. దాచుకోవడం ఎందుకు, బాగానే పెరిగింది. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒకరితో మాట్లాడుతూ ఇంకొకరి మెషిన్ బిగించేవాణ్ణి. "యాదగిరి కండ్లు మూసుకొని సుత ఫిట్ చేస్తడు" అని పక్క షటర్ వాళ్లతో నేనే చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఏ ప్రాసెసర్ తీసుకోవాలి? ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో అసలు పనంతా చేసే బిళ్ల. రెండు కంపెనీలవి పోటీగా నడుస్తుండేవి. ఒకటి నీలం డబ్బాలో వచ్చేది, రెండోది ఆకుపచ్చ డబ్బాలో. దుకాణాల్లో మేము వాటిని ఆ రంగులతోనే పిలుచుకునేవాళ్లం. నీలం డబ్బా మీద మూడు గిగాహెర్ట్జ్ అని ఉండేది, ఆకుపచ్చదాని మీద రెండు. అది వేగం లెక్క. మూడు పెద్దదా రెండు పెద్దదా అంటే ఎవరైనా మూడే అంటారు. కానీ ఆకుపచ్చది ఒక్కో అడుగులో ఎక్కువ పని చేసేది. గేమ్‌లు దాని మీదే బాగా నడిచేవి, వేడి కూడా తక్కువ. నీలానిది ఇంకో గొప్ప. అది రెండు పనులను ఒకేసారి లాగేది. వీడియోలు, బొమ్మలు తయారుచేసే పెద్ద పనికి అదే మేలు. కాకపోతే పొయ్యిలా కాలేది, దాని ఫ్యాన్ ఇల్లంతా వినిపించేది. ఇదంతా ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఒక సోమవారం పొద్దున్నే తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆయన పేరు సింహాచలం. విజయనగరం వైపు మనిషి, రైల్వే డ్రైవరు, మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉంటారు. కూతురు సుజాత, పాతికేళ్లు ఉంటాయి, డిప్లొమా చదివింది.

"ఏం పనికమ్మా మెషిన్?" అన్నాను.

"మా నాన్నకి రైలు గేమ్ కావాలండీ. సిమ్యులేటర్. ఇంజన్‌లో కూర్చుని నిజంగా నడిపినట్టే ఉంటుంది. అది బాగా నడిచేది ఇవ్వండి."

ఆయన అడ్డుపడ్డారు. "అది కాదండి. పాపకి బొమ్మల పనుంది, దానికేది బాగుంటాదో అదే ఎయ్యండి. నా ఆటకేటి, ఏదైతే ఏటి?"

"నా పని ఎలాగోలా అయిపోతుంది నాన్నా."

"ఎలాగోలా ఎలాగవుతాదే?"

నా దుకాణంలో గేమ్ కావాలనేవాడు గేమ్ కోసం కొట్లాడేవాడు, పని ఉన్నవాడు పని కోసం. ఒకరి డబ్బా కోసం ఇంకొకరు కొట్లాడటం అదే మొదటిసారి చూశాను.

సుజాత నీళ్లు తాగడానికి బయటికి వెళ్లినప్పుడు ఆయన మెల్లగా చెప్పారు. ఆమెకు రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడో కంపెనీవాళ్లు ఒక పరీక్ష పెట్టారు. కట్టబోయే అపార్ట్‌మెంట్‌లో మనిషి నడిచి చూస్తున్నట్టు ఒక నిమిషం వీడియో చేసి, వచ్చే సోమవారం పది గంటలకల్లా తెచ్చివ్వాలి. నచ్చితే ఉద్యోగం. "ఇది కూడా పోతే ఇంక ఎల్లనంటోందండి," అన్నారాయన.

ఆయన పార్ట్‌లు చూస్తూ గోడ వైపు వెళ్లినప్పుడు ఆమె చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు గూడ్సు బండి నడిపిన మనిషిని, కిందటేడు కంటి పరీక్షలో దూరపు ఎర్ర లైటు ఆనలేదని ఇంజన్ దింపి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టారట. అప్పటి నుంచి ఇంట్లో మాట తగ్గిపోయింది. ఒక స్నేహితుడి ఇంట్లో ఆ రైలు గేమ్ ముందు కూర్చుని రెండు గంటలు లేవలేదట. "ఆ రోజు రాత్రి అన్నం తింటూ మాట్లాడాడండీ," అంది సుజాత.

నేను కాసేపు ఆలోచించి నీలం డబ్బా తీశాను. గేమ్ కాస్త నెమ్మదిగా నడిచినా కొంపలేం మునగవు, వీడియో ఆగితే ఉద్యోగం పోతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన ముఖం విప్పారింది, ఆమె ముఖం ముడుచుకుంది.

భాగాలన్నీ బిగించే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చోబెట్టాను. సింహాచలం గారు వంగి చూస్తున్నారు.

"ఇందులో ఇంజన్ ఏదండి?"

"గిదే సార్, ఈ బిళ్లనే. మిగిలినవన్నీ రైలు డబ్బాల లెక్క, ఇది లాగుతది."

"మాకు కొత్త ఇంజన్ మొదటి ట్రిప్పుకెళ్తే బొట్టు పెట్టకుండా కదపమండి. పెట్టొచ్చా?" అంటూ జేబులోంచి పసుపు కుంకుమల పొట్లం తీశారు.

అప్పుడే ఫోన్ మోగింది. తిరుమలగిరి కస్టమర్, ప్రింటర్ రాలేదని కోపంగా ఉన్నాడు. ఫోన్ భుజానికి ఇరికించుకుంటూ "పెట్టుకోండ్రి సార్, మంచిదే కదా" అన్నాను. కేబినెట్ తలుపుకు, అంటే బయటి పెట్టెకు, పెడతారనుకున్నాను. చాలామంది అక్కడే పెడతారు. అటు ప్రింటర్ గొడవ సర్దుతూనే హీట్‌సింక్ అందుకున్నాను. అది ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ, దాని మీద ఫ్యాన్ ఉంటుంది. రెండింటి మధ్య సందు లేకుండా థర్మల్ పేస్ట్ అనే బూడిద రంగు ముద్ద రాస్తాం. నాకు దాన్ని హీట్‌సింక్ అడుగున రాయడం అలవాటు. రాశాను, దించాను, బిగించాను. చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం సింహాచలం గారు ఫోన్ చేశారు.

"బాబూ, మెషిన్ లాగట్లేదండి. మొదటి పది నిమిషాలు బాగానే ఎల్తాది. తర్వాత కొండ గాట్ ఎక్కుతున్న బండిలాగ నీరసపడిపోతాది. కాసేపు ఆపి మళ్లీ షురూ చేస్తే మళ్లీ పది నిమిషాలు. అంటే ఏటంటే..."

"సార్, అది వైరస్ ఉంటది. సుజాతమ్మకియ్యుండ్రి, నేను చెప్తా," అని ఆయన్ని మధ్యలోనే ఆపేశాను. డ్రైవరుకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు అనుకున్నాను.

సుజాత ఫోన్ అందుకుని సంగతి చెప్పింది. ఆమె చేసిన గది బొమ్మను కంప్యూటర్ ఒక్కొక్క చిత్రంగా గీయాలి. దాన్ని రెండర్ అంటారు. నిమిషం వీడియోకి పదిహేను వందల చిత్రాలు. మొదట్లో ఒక్కో చిత్రానికి ముప్పావు నిమిషం పట్టింది, ఇప్పుడు నాలుగైదు నిమిషాలు పడుతోందట. ఈ లెక్కన సోమవారం కాదు, బుధవారానికి కూడా కాదు.

వైరస్ వెతికించాను, లేదు. శనివారం సుజాత దుకాణానికి పరుగున వస్తే కొత్త మెమరీ ఇచ్చి పంపాను, మార్పు లేదు. సాయంత్రం సింహాచలం గారు మళ్లీ ఫోన్ చేసి "అది వేడెక్కుతోంద..." అనబోయారు. నీలం డబ్బా వేడెక్కడం మామూలే కదా అని, "పరేషాన్ గాకుండ్రి సార్, రేపు నేనే వస్తా" అని పెట్టేశాను.

పెట్టేశాను గానీ నాకే నిద్ర పట్టలేదు. నీలం డబ్బా ఎంచింది నేను. ఆకుపచ్చది ఇచ్చి ఉంటే చల్లగా, నిలకడగా నడిచేదేమో. నా గొప్పల వల్ల ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందేమో అని నిజంగా భయమేసింది.

ఆదివారం పొద్దున ఆకుపచ్చ డబ్బా, దాని బోర్డు సంచిలో వేసుకుని మెట్టుగూడ బయల్దేరాను. ఒక కంపెనీ ప్రాసెసర్ ఇంకో కంపెనీ బోర్డు సాకెట్‌లో కూర్చోదు. సాకెట్ అంటే ప్రాసెసర్ దిగే గూడు. అందుకని బోర్డు కూడా మార్చాలి, విండోస్ మళ్లీ ఎక్కించాలి. సగం రోజు పోతుంది. ఆ తర్వాత పని పూర్తవుతుందన్న నమ్మకమూ లేదు.

వాళ్ల ముందు గదిలో కంప్యూటర్ బల్ల కిటికీ పక్కనే, గాలి బాగా తగిలేచోట ఉంది. సుజాత కళ్లు వాచి ఉన్నాయి. మూడు రోజుల్లో ఆరువందల చిత్రాలు కూడా కాలేదు.

"తక్లీఫ్ ఇచ్చిన అమ్మా. ఆకుపచ్చది ఏస్తా," అన్నాను.

"మీరే కదండీ ఇది మంచిదన్నారు," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది.

కేబినెట్ విప్పాను. సింహాచలం గారు నా పక్కనే కూర్చున్నారు. ఈసారి ఆయన్ని ఎవరూ ఆపలేదు, మొత్తం చెప్పారు. "ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందండి, గాలి మాత్రం చల్లగా వస్తోంది. లోపల నిజంగా వేడుంటే గాలి వేడిగా రావాల కదా? అంటే ఆ వేడి బయటికి రావట్లేదు. మధ్యలో ఏదో అడ్డుంది. నేను శుక్రవారం నుంచి ఇదే సెప్దామని చూస్తన్నాను."

నా చేయి స్క్రూడ్రైవర్ మీద ఆగిపోయింది. పదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఫ్యాన్ గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

హీట్‌సింక్ ఊడదీశాను. ప్రాసెసర్ నడినెత్తిన, బూడిద పేస్టు మధ్యలో, రూపాయి బిళ్లంత పసుపు. దాని మీద గుండ్రంగా కుంకుమ. మాడి, పెచ్చు కట్టి, గట్టిపడి ఉంది. ఆ పెచ్చు ఎత్తుకి హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగి నిలబడింది. ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటోంది. దాన్ని మా భాషలో థ్రాట్లింగ్ అంటారు. పది నిమిషాలకు నీరసపడటమంటే అదే.

సింహాచలం గారి ముఖం పాలిపోయింది.

"నేనే పెట్టానండి. నా సేత్తోనే పాప పని ఆపేశాను."

"లేదు సార్. ఇంజన్‌కి మీరు బొట్టు బయట పెడ్తరు. లోపలిది చూపెట్టింది నేను. పెట్టుకోమన్నది నేను. చూడకుండ మూసింది సుత నేనే. ఇందుల మీ తప్పు ఏం లేదు."

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఉన్న సంగతి అదే.

స్పిరిట్, దూది తెప్పించి పెచ్చంతా తుడిచాను. ప్రాసెసర్ అద్దంలా మెరిసే దాకా తుడిచాను. కొత్తగా పేస్ట్ రాసి, నాలుగు మూలలా చూసుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకుని బిగించాను. స్విచ్ వేశాం. సుజాత రెండర్ మొదలుపెట్టి గోడ గడియారం వైపు చూసింది. మొదటి చిత్రం ముప్పావు నిమిషం. పది నిమిషాలయ్యింది, ముప్పావు నిమిషమే. అరగంట అయ్యింది, అప్పుడూ ముప్పావు నిమిషమే. సింహాచలం గారు ఫ్యాన్ వెనక అరచెయ్యి పెట్టి, "ఇప్పుడొత్తోందండి వేడి" అన్నారు. ఆ మాటకి సుజాత నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. వాళ్లమ్మ గారు పెట్టిన ఉప్మా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఆకుపచ్చ డబ్బా సీలు విప్పకుండానే సంచిలో తిరిగి వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగినప్పుడు నా చేతిలో ఎవరిదో ప్రాసెసర్ ఉంది. దాన్ని కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు ఎత్తాను.

"వచ్చిందండీ," అంది సుజాత. "వచ్చే నెల ఒకటో తారీకు చేరమన్నారు."

ఆ తర్వాత కూడా వాళ్లింటికి ఒకసారి వెళ్లాను, సింహాచలం గారు ఆట చూడమని పిలిస్తే. నీలం డబ్బా మీద ఆ రైలు అక్కడక్కడా కాస్త తడబడింది. ఆయనకు పట్టలేదు. పక్కనే కూర్చోబెట్టుకుని ఏ మలుపులో ఎందుకు తగ్గించాలో గంటసేపు చెప్పారు. ఎదురుగా ఎర్ర సిగ్నల్ పడింది. బండిని మెత్తగా తెచ్చి సరిగ్గా దాని ముందు నిలబెట్టారు. "ఇంత దగ్గరైతే బాగానే ఆనుతాదండి," అన్నారు నవ్వుతూ.

ఏ డబ్బా మంచిదని ఇప్పటికీ అడుగుతుంటారు. రంగులు మారాయి, అంకెలు మారాయి, ప్రశ్న మారలేదు. జవాబు చెప్పే ముందు, వచ్చిన మనిషి మాట పూర్తయ్యేదాకా వింటాను. మెషిన్ విప్పి ఉన్నప్పుడు ఫోన్ ఎత్తను. కండ్లు మూసుకుని బిగిస్తానన్న మాట మళ్లీ నా నోట రాలేదు. దూరాన ఎరుపు కనబడలేదని సింహాచలం గారిని ఇంజన్ దించేశారు. నాకు ముక్కు కింద ఎరుపు కనబడలేదు. నన్ను దించమని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, పైగా ఉప్మా పెట్టారు.