ఏం కూర?

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. ఇంటర్‌లో నేను అన్నం మానేసేదాన్ని. ఇంట్లో ఉన్నప్పుడు మార్కులు తగ్గితే నాన్న కంచం ముందే కొట్టేవాడు. నిజాంపేట హాస్టల్‌కి వచ్చాక కొట్టేవాళ్లు లేకపోయినా ముద్ద గొంతు దిగేది కాదు. ఎవరడిగినా తిన్నాననేదాన్ని.

ఒక మధ్యాహ్నం హైటెక్ సిటీ బస్సులో కళ్లు తిరిగాయి. ఆఫీసుల్లో ఊడ్చేవాళ్ల యూనిఫాంలో ఉన్న ఒకావిడ జరిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్నానండి."

"ఏం కూర?"

అందరూ మొదటి ప్రశ్నతోనే ఊరుకునేవారు. అందుకే కూర పేరు ఎప్పుడూ సిద్ధం చేసుకోలేదు. ఆవిడ తన డబ్బా తెరిచి నా ఒళ్లో పెట్టింది.

"టమాట పప్పు. జరంత తిను."

ముద్ద కలిపాను కానీ నోటిదాకా తీసుకెళ్లలేకపోయాను. ఆవిడ బలవంతం చేయలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఆ దారిలోనే. కొన్ని రోజులు ఇప్పటికీ తినలేను. అడిగితే మాత్రం తినలేదనే చెబుతాను.

ఆ రోజు తన స్టాపు రాగానే ఆవిడ డబ్బా మూసి లేచింది. నా వైపు చూడకుండానే అంది:

"నా బిడ్డ గూడ పానం పోయేదాంక ఫోన్ల తిన్న అనే చెప్పింది. ఏం కూర అని ఒక్కనాడు అడగకపోతిని."