మూడు కాళ్ల ప్యాంటు

బడి ఉన్న వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరుకి రెండు విషయాల్లో పేరుంది. గుడ్డ కోస్తే వంక పెట్టలేరు, కోతలు కోస్తే నమ్మలేరు. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, ఆగిందని ఆయన ఒప్పుకోడు. "మేష్టార్ల దగ్గరున్నదంతా అయిపోయింది. ఇక నీకు చెప్పడానికి మా దగ్గరేం లేదు, వెళ్లిరా నాయనా అని సాగనంపారు" అంటాడు. ఆ మేష్టార్లలో ఒకాయన ఇప్పటికీ ప్యాంట్లు ఇక్కడే కుట్టించుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా దగ్గు తెచ్చుకుని వీధివైపు తిరుగుతాడు.

దుకాణం అగ్గిపెట్టెకి అన్న, అల్మరాకి తమ్ముడు. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నిండా వేలాడే చొక్కాలు. మూల పీట మీద ఆయన భార్య కూర్చుని కాజాలు, హుక్కులు కుడుతూ ఉంటుంది. ఆవిడ మాట్లాడేది తక్కువ. మొగుడి కథ మరీ ఆకాశానికి ఎక్కినప్పుడు మాత్రం చేతిలో దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపుతుంది. ఆ చప్పుడికి ఆయన ఒక మెట్టు దిగుతాడు. రెండోసారి వినబడితే నేల మీదకి వచ్చేస్తాడు.

ఆయన కథలకి అసలైన గిరాకీ కూతురు. నాలుగో తరగతి. తండ్రి ముద్దుగా గుండీ అంటాడు. బడి వదలగానే వచ్చి ఇస్త్రీ బల్ల కింద, గుడ్డపీలికల పోగు మీద దర్జాగా కూర్చుంటుంది.

"చిన్నప్పుడు నా పరుగేమిటనుకున్నావు? ఓసారి బస్సు తప్పిపోయింది. వెళ్తే వెళ్లిందిలే అని పరుగందుకున్నా. తరవాతి స్టాపులో నిలబడి, చెమట తుడుచుకుని, తల దువ్వుకుని, అదే బస్సెక్కి టికెట్టు అడిగా."

"చెప్పులేసుకునే పరిగెత్తావా నాన్నా?"

"వేసుకునే మొదలెట్టా. నా జోరుకి అవి ఆగలేక వెనకబడ్డాయి. నేనిల్లు చేరి అన్నం తిని పడుకున్నాక, సాయంత్రానికి వచ్చాయి పాపం, ఒకదాని వెనక ఒకటి."

మూలనుంచి పుటుక్కుమంది.

నిరుడైతే గుండీ ఇలాంటివి నీళ్లు తాగినంత తేలిగ్గా తాగేసేది. ఈ ఏడు మింగే ముందు కాస్త నమలడం నేర్చుకుంది. "అవి దారెలా కనుక్కున్నాయి?" అని అడిగింది. "రోజూ నడిచే దారే కదమ్మా" అన్నాడు. సరే అంది గానీ, ఒక్క క్షణం ఆలోచించి అంది. ఆ ఒక్క క్షణం టైలరు మనసులో విరిగిన సూదిలా దిగబడిపోయింది.

ఇంతలో బడిలో ఆటల రోజొచ్చింది. ఏటా అయిదారుగురు పొడుగుకాళ్ల పిల్లలే కప్పులన్నీ ఊడ్చుకుపోతున్నారని, ఈసారి అందరూ నవ్వుకునే ఆటలే పెడతానన్నాడు డ్రిల్లు మాస్టారు. చెంచాలో నిమ్మకాయ నడక, గోనెసంచి గెంతులు, చిల్లుల డబ్బాతో నీళ్లు మోయడం, తాడు లాగుడు. చివర్లో మూడు కాళ్ల పరుగు. దానికి పిల్లలు తోడుగా ఇంటినుంచి పెద్దవాళ్లలో ఒకర్ని తెచ్చుకోవాలి. పిల్ల కాలొకటి, పెద్ద కాలొకటి కలిపి కట్టుకుని పరిగెత్తాలి.

ఆ కబురు దుకాణానికి వచ్చేసరికి గుండీ మేనమామ అక్కడే టీ తాగుతున్నాడు. బస్సు కండక్టరు. కదిలే బస్సు దిగడం, కదిలే బస్సెక్కడం, ఇదే పొద్దస్తమానం ఆయన పని. కాళ్లు కాళ్లు కావు, స్ప్రింగులు.

"ఇంకేముంది, నేనొస్తా. ఆ రోజు సెలవు పెట్టేస్తా" అన్నాడు.

గుండీ మామని చూసింది, తండ్రిని చూసింది. "నాన్నతోనే పరిగెడతా. నాన్న బస్సునే దాటేశాడుగా."

కండక్టరుకి టీ పొలమారింది. "అవును కదా, మర్చేపోయా! బావా, ఆ బస్సులో అప్పుడు నేను లేకపోయానే, చప్పట్లు కొట్టేవాణ్ణి."

"నువ్వప్పటికి పుట్టలేదులే బామ్మర్దీ. పుట్టుంటే నిన్నూ పందెంలో మట్టి కరిపించేవాణ్ణి" అన్నాడు టైలరు. అన్నాడు గానీ, కాలు పెడలు మీదే ఉండిపోయి మిషను ఉత్తినే గిరగిరా తిరిగింది.

లోపల సంతోషమూ ఉంది, బెదురూ ఉంది. పిల్ల స్ప్రింగుల మామని వదిలి తనని ఎంచుకుంది. ఎంచుకున్నది తన కాళ్లని చూసి కాదు, తన నోటిని చూసి. రేపు మైదానంలో బోర్లా పడితే పగిలేది ముక్కొక్కటే అయితే కట్టు కట్టించుకోవచ్చు. ఇన్నేళ్లు చెప్పిన కథలన్నీ ఆ ముక్కుతోపాటే పగులుతాయి. ఆ తరవాత బల్ల కింద గుడ్డపీలికలు మాత్రమే ఉంటాయి, వినే పిల్ల ఉండదు.

సాయంత్రాలు దుకాణం ముందు సాధన మొదలుపెట్టారు. గుడ్డ ముక్కతో కాళ్లు కట్టుకోవడం, ముడి జారడం, ఇద్దరూ ఇస్త్రీ బట్టల మూట మీద పడటం. ఆ మూటకి గనక నోరుంటే అదే ముందు పారిపోయేది. మూడోనాడు టైలరు లేచి దుమ్ము దులుపుకుని ఒక సత్యం కనుక్కున్నాడు.

"తప్పు మన కాళ్లది కాదే గుండీ, ముడిది. కట్టింది జారుతుంది. కుట్టింది జారదు."

అలా పుట్టింది మూడు కాళ్ల ప్యాంటు. నడుములు రెండు, కాళ్లు మూడు. ఒక చివర ఆయన కాలు, ఇంకో చివర పిల్ల కాలు, మధ్య గొట్టంలో ఇద్దరివీ కలిపి. వేసుకున్న బట్టల మీదే తొడుక్కుని, మధ్య గొట్టాన్ని అప్పటికప్పుడు చేత్తో కుట్టేసుకోవాలి. లోకంలో టైలర్లందరూ కలిసి తలకిందులుగా తపస్సు చేసినా ఇలాంటిది తట్టదని ఆయన ప్రకటించాడు.

"తొడుక్కోవడం సరే, విప్పేదెలాగ?" అంది భార్య.

"గెలిచాక అవన్నీ ఆలోచిద్దాం."

ఆవిడ దారం తెంపలేదు. నవ్వాపుకోవడానికే నోరు సరిపోయింది.

ఆటల రోజు మైదానం నిండా సున్నం గీతలు. చెంచా పళ్లమధ్య బిగించిన పిల్లలు నిమ్మకాయ పడకుండా పిట్టగోడ మీద పిల్లుల్లా నడిచారు. గోనెసంచుల్లో కొందరు ముందుకి గెంతబోయి పక్కకి గెంతి పక్కవాడి సంచిలో తేలారు. చిల్లుల డబ్బాతో నీళ్లు మోసిన పెద్ద పంతులమ్మ గమ్యం చేరేసరికి డబ్బాలో నీళ్లు లేవు, చీర మీద మాత్రం ఓ చెరువుంది. ఆవిడే అందరికన్నా ముందు నవ్వింది.

మూడు కాళ్ల పరుగుకి పిలిచారు. టైలరు గీత దగ్గర కూర్చుని, సూది తీసి, రెండు పోగుల దారంతో మధ్య గొట్టాన్ని పైనుంచి కిందిదాకా కుట్టేశాడు. జనం గుమిగూడారు. డ్రిల్లు మాస్టారు వచ్చి ప్యాంటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"కాళ్లు కట్టుకోవాలన్నాను. కుట్టుకోకూడదని అనలేదు. కానివ్వండి" అని ఈల నోట పెట్టుకున్నాడు.

కండక్టరు గట్టున నిలబడి అరిచాడు. "బావా! చెప్పులు జాగ్రత్త! మళ్లీ సాయంత్రందాకా రావు!"

ఈల మోగింది. చిత్రమేమిటంటే, మొదట్లో బాగానే వెళ్లారు. టైలరు పరుగు సంగతి మర్చిపోయి మిషను తొక్కుతున్నాననుకున్నాడు. "మడమ, వేలు. మడమ, వేలు" అన్నాడు. గుండీ అందుకుంది. మూడు కాళ్లూ ఒక్క పెడలులా ఆడాయి. ఒక జంటని దాటారు, ఇంకో జంటని దాటారు. కండక్టరు వేళాకోళం మాని నోరు తెరిచాడు.

అప్పుడు గుండీ వైపు అంచుమడత విడిపోయింది. గుడ్డ కిందికి దిగి పాదాన్ని మింగేసింది. పిల్ల తూలింది, తండ్రి తూలాడు, ఇద్దరూ ఒకే ప్యాంటులో రెండు మూటల్లా కూలబడ్డారు.

టైలరు ముందు పిల్ల మోకాలు చూశాడు. గీరుకుపోలేదు. తరవాత అంచు చూశాడు. పొడుగు, జానెడు ఎక్కువుంది. నడుమూ వదులే. చిన్నపిల్లల బట్టలు ఎప్పుడు కోసినా ఆయన చెయ్యి దానంతటదే పొడుగు పెట్టి, లోపలికి మడిచి, పలచటి కుట్టు వేసేస్తుంది. పిల్లలు పొడుగైనప్పుడు ఊడదీసుకుంటే ఇంకో రెండేళ్లు వస్తుందని. తల్లులు అందుకే ఆయన దగ్గరికొస్తారు. ఒక్క పూట తొడిగే ప్యాంటుకీ ఆ చెయ్యి అదే పని చేసింది.

"పెరిగే పిల్లవి కదా అని..." అన్నాడు.

గుండీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "పందెం అయ్యేలోపే పెరుగుతానా నాన్నా?"

టైలరు కాలరు మడతలోంచి సూది తీశాడు. తాము దాటొచ్చిన జంటలన్నీ పక్కనుంచి దాటిపోతూ ఉంటే, మైదానం మధ్యలో కూర్చుని అంచు పైకి మడిచి కుట్టాడు. కుట్టు వంకర పోలేదు. కంగారులో ఇంత నేరుగా కుట్టే మనిషి ఇంకొకడుంటే చూపించండి. దారం పళ్లతో తెంపి, "లే అమ్మా" అన్నాడు.

మడమ, వేలు అనుకుంటూ వెళ్లారు. వాళ్లు చేరేసరికి గమ్యం దగ్గర రిబ్బను చుట్టేసి జేబులో పెట్టేసుకున్నారు. డ్రిల్లు మాస్టారు మాత్రం ఈల ఊది, చప్పట్లు కొట్టాడు. గుండీ తరగతిలో ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది.

"ఏయ్, మీ నాన్న బస్సునే దాటాడన్నావు?"

గుండీ వదులైన ప్యాంటు నడుము పైకి లాక్కుంది.

"దాటాడేమో. నేను చూళ్లేదు. ఇవాళ మాత్రం మేమే ఆఖరు" అంది.

అబద్ధం లేదు, ఎత్తిపొడుపూ లేదు. అందుకే టైలరుకి గట్టిగా తగిలింది.

ప్యాంటు విప్పుదామంటే రెండు పోగుల కుట్టు చేత్తో ఊడేది కాదు, కత్తెరేమో దుకాణంలో ఉండిపోయింది. పెద్ద పంతులమ్మ ఆఫీసులోంచి ఒక కత్తెర తెప్పించింది. టైలరు దాన్ని ఎగాదిగా చూసి వెనక్కిచ్చేశాడు. "కాగితాలు కోసే కత్తెరండీ ఇది. నా గుడ్డ మీద పడనివ్వను, ఏమనుకోకండి."

దాంతో ఇద్దరూ ఆ ప్యాంటులోనే ఇంటిదారి పట్టారు. కండక్టరు ముందు నడిచి దారి చేస్తానన్నాడు, నవ్వాగక వెనకబడి ఆగిపోయాడు. సాయంత్రపు ఎండ గోడల మీద మెత్తగా ఉంది. సైకిళ్లవాళ్లు దిగి మరీ చూశారు. కిటికీల్లోంచి పలకరింపులొచ్చాయి. ఎవరెంత కవ్వించినా టైలరు నోరు విప్పలేదు.

"నాన్నా, వచ్చే ఏడాది మావయ్యతో పరిగెడతా" అంది గుండీ.

"అలాగేనమ్మా."

"మావయ్య బాగా పరిగెడతాడు."

"అవును. వాడి కాళ్లు మంచివి."

మందుల షాపు దాటారు. రొట్టెల కొట్టు దాటారు. మడమ, వేలు.

"ఏంటి నాన్నా, ఏం మాట్లాడవు?"

"ఏం మాట్లాడను?"

"ఇవాళ ఏం జరిగిందో చెప్పు."

"నువ్వూ ఉన్నావుగా, చూశావుగా."

"చూశాను. చూస్తే ఏముంది, పడ్డాం, లేచాం, ఆఖరున వచ్చాం, అంతే కదా." పిల్ల తండ్రి చొక్కా పట్టుకుని లాగింది. "నువ్వు చెప్పు. నువ్వు చెప్తే వేరేగా ఉంటుంది. మావయ్యకి చెప్పడం రాదు."

టైలరు నాలుగడుగులు వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏముంది... డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు."

"ఎంత గట్టిగా?" అంది గుండీ.