లెక్కలో జారిన ఒక టేపు

డెబ్బై రెండో సంవత్సరం చలికాలంలో నన్ను గోదావరిఖనిలోని ఒక ఇంక్లైనులో సహాయ సర్వేయరుగా వేశారు. ఇంక్లైను అంటే ఏటవాలుగా నడిచి దిగే గని. కార్మికులు దాన్ని బాయి అనేవారు. నేను చేరిన రెండు నెలలకే పెద్ద సర్వేయరు బదిలీ అయ్యారు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. ఇద్దరి పనీ నా మీద పడింది.

బొగ్గులో తొలిచే దారిని గ్యాలరీ అంటారు. అది ఎటు పోవాలో పైకప్పు మీద సున్నంతో గీత గీసేది సర్వేయరే. ఆ గీతను నమ్మి మనుషులు తవ్వుకుంటూ పోతారు. మా బాయికి తూర్పున ఎప్పుడో వదిలేసిన పాత గని నీళ్ళతో నిండి ఉండేది. దానికీ మా గ్యాలరీకీ నడుమ చట్టం చెప్పినంత మందాన బొగ్గు గోడ వదలాలి. ఆ గోడ ఇంకా ఎంత ఉందో కంటికి కనబడదు. నా ప్లాను చూసుకోవాల్సిందే.

నాకు నిద్ర కరువైంది. కళ్ళు మూస్తే సున్నపు గీతలు మెల్లగా వంగి నీళ్ళలోకి జారిపోయేవి. అన్నం సయించేది కాదు. కంపెనీ ఆసుపత్రిలో డాక్టరు గుండె, ఊపిరితిత్తులు చూసి ఏమీ లేదన్నారు, బలానికి మాత్రలిచ్చారు. ఏమీ లేదన్నాక ఇంకెవరికి చెప్పాలో తెలియలేదు. మంథనిలో బడిపంతులు గారి అబ్బాయిని, లెక్కల్లో దిట్ట అన్న పేరుండేది. అది పోతుందన్న భయం కూడా ఉంది.

నా దగ్గర టేపు పట్టే చైన్‌మన్ కొమురయ్యది కమాన్‌పూర్ దగ్గరి పల్లె. వానాకాలం వ్యవసాయం, మిగతా కాలమంతా బాయి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒకరోజు మొదటి షిఫ్టులో తూర్పు గ్యాలరీ చివర థియోడొలైట్ నిలిపాను. అది కోణాలు కొలిచే దుర్బిణి. ఎదుట కప్పు నుంచి వేలాడే దారం వెనక కొమురయ్య దీపం పట్టుకున్నాడు. దుర్బిణిలో దారం రెండయింది. దీపం నీటి అడుగున వెలుగుతున్నట్టు ఊగింది. ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు, మెత్తగా, దగ్గరకు వస్తూ.

"నీళ్ళ చప్పుడు వినిపిస్తోందా?" అన్నాను.

కొమురయ్య గోడకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "లేదు సార్. గాలి సప్పుడే." దగ్గరకొచ్చి నా ముఖం చూశాడు. "మీకు పానం మంచిగ లేదు. ఇయ్యాల లెక్కలు రాయకుండ్రి. జర కూసోండ్రి."

కూర్చున్నాం. కళ్ళకు విశ్రాంతిగా ఉంటుందని టోపీ దీపాలు ఆర్పమన్నాడు. అలాంటి చీకటి భూమ్మీద ఉండదు. చెయ్యి ముఖం ముందుకు తెచ్చినా కనబడదు. మొదట భయమేసింది. తర్వాత నా ఊపిరి నాకే వినిపించింది, తర్వాత అతనిది. రెండూ ఒకే వరసలో నడవసాగాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు. వెచ్చటి నీటిలో తేలుతున్నట్టు ఒళ్ళు తేలికయింది.

ఆ చీకట్లోనే చెప్పాడు. ఒకసారి కప్పు కూలి పక్కవాడు పోయాక మూడు నెలలు బాయి మొఖం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవాడట. "మా మీది సర్దార్‌కు చెప్పిన. పైన పని ఇచ్చిండు. సిగ్గేంది సార్? నడుం నొస్తె చెప్తలేమా?"

పైకి రాగానే మేనేజరు గదికి వెళ్ళాను. పదిరోజులుగా నా కొలతల మీద నాకే నమ్మకం లేదని, వేరే సర్వేయరుతో మళ్ళీ కొలిపించమని అడిగాను. బొగ్గు ఆగితే జవాబెవరు చెప్తారని ఆయన మండిపడ్డారు. నేను ప్లాను ఆయన ముందు పరిచి పాత గని నీళ్ళ మీద వేలు పెట్టాను. ఆయన అది చూసి, ఫోను తీసి తూర్పు గ్యాలరీ ఆపించారు.

శ్రీరాంపూర్ నుంచి వచ్చిన సర్వేయరు రెండు రోజులు కొలిచాడు. కోణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొడవులో మాత్రం నేను ఒక టేపు పొడవు, అంటే ముప్పై మీటర్లు, లెక్కలో వదిలేశాను. ప్లానులో ఉన్నదానికంటే గ్యాలరీ అంత ముందుకు, పాత నీళ్ళ వైపుకు వెళ్ళిపోయింది. ఇంకో వారం తవ్వి ఉంటే వదలాల్సిన గోడలోకి దిగేవాళ్ళం. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

నా ఫైలులో మెమో చేరింది, ప్రమోషన్ ఏడాది ఆగింది. పదిరోజులు సెలవిచ్చారు. మంథనిలో మూడు రోజులు నిద్రపోయాను, మిగతా రోజులు గోదావరి ఒడ్డున నడిచాను. తిరిగొచ్చేసరికి రెండో సర్వేయరు చేరి ఉన్నాడు. కొమురయ్య, నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. టేపు లాగిన ప్రతిసారీ అతను ఒక బొగ్గు పెళ్ళ జేబులో వేసుకునేవాడు. చివర అవి లెక్కపెట్టాకే నేను సంతకం చేసేవాణ్ణి.

అలసిన మనిషి తన తప్పును తాను పట్టుకోలేడు. పక్కనున్నవాడు పట్టుకోగలడు, కాని చెప్పే చనువు అతనికి ఉండాలి. తర్వాత నా కింద చేరిన ప్రతి సర్వేయరునూ పొద్దున ప్లాను అడిగే ముందు రాత్రి నిద్రపట్టిందా అని అడిగాను. పట్టలేదన్నవాళ్ళను ఆ రోజు కిందికి పంపలేదు, కారణం కూడా రాయించలేదు.