నీళ్ల గీత

తడి సున్నం వాసన తగిలితే చాలు, నా కుడిచేయి కుంచె కోసం వెతుక్కుంటుంది. ఈ ఉదయం పక్కింటి గోడకు వెల్ల వేస్తుంటే అదే జరిగింది. చేతిలో టీ చల్లారిపోయింది. మనసు ఎనభైల నాటి సిరొంచకు, మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న మా ఊరికి, రాజలింగు కాక దగ్గరికి పోయింది.

కాక మా పొరుగాయన. పెళ్లిళ్లకు గోడల మీద బొమ్మలు గీసేవాడు. పెళ్లికూతురు ఏ బండెక్కి అత్తారింటికి పోతుందో దాన్నే వాకిలి పక్కన గీయడం ఆయన పద్ధతి. ఎడ్లబండి, ఎర్ర ఎస్టీ బస్సు, ట్రాక్టరు, ఏదైనా సరే. పదో తరగతి తప్పి మూల కూర్చున్న నన్ను పిలిచి కుంచె చేతికిచ్చింది ఆయనే. నేను మొదట గీసిన వడ్ల బండిని చూసి పెదవి విరిచాడు.

“బస్తాలేమో గిన్ని గీసినవ్. చక్రం గాలిల ఉన్నదేంది బిడ్డా? బరువున్న బండి జర మట్టిల దిగాలె.”

ఆ రోజు ఏడ్చాను. మర్నాడు మాత్రం రేవుకు పోయి, మనుషులెక్కితే పడవ ఎంత మునుగుతుందో పొద్దంతా చూస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్లకు నాకు నది అవతలి సంబంధం కుదిరింది. గోడ మీద కారు గీయమని నాన్న పట్టుబట్టాడు. “ప్రాణహితల కారు ఎట్ల నడుస్తది అన్నా?” అని కాక పడవే గీశాడు. అందులో నన్నూ నా ట్రంకుపెట్టెనూ కూర్చోబెట్టాడు. అక్కడ నన్ను కుంచె పట్టనిస్తారో లేదోనన్న దిగులు ఆయనొక్కడికే చెప్పుకున్నాను.

పెళ్లినాడు మగపెళ్లివారు దిగేసరికి గోడ మీది పడవ కింద ఇంకా నీళ్లు లేవు. అందరి ముందూ కాక నాకు కుంచె అందించాడు.

“నీళ్ల గీత నువ్వే గియ్యి బిడ్డా.”

“పసుపు చేతులతోని గదేం పనే!” అని అమ్మ కేకేసింది. అయినా నీలిమందు కలిపిన సున్నంలో కుంచె ముంచి, పడవ పై అంచుకు బెత్తెడు కింద గీత లాగాను.

అత్తగారు దగ్గరికొచ్చి చూశారు. “గింత లోతు మునిగిందేంది?”

“మా పిల్ల కుంచెతోని ఎక్కింది వదినె,” అన్నాడు కాక. “జర బరువే. చూసుకోండ్రి.”

అత్తగారు నవ్వలేదు. ఆ గీతనే చూస్తూ, “మా ఇంటి గోడలు గూడ ఖాళీగనే ఉన్నయి,” అన్నారు.

కాక పోయినప్పుడు నది పొంగి పడవలు ఆగిపోయాయి. ఆఖరిచూపు దక్కలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు వంతెన వచ్చింది, పెళ్లికూతుళ్లు కార్లలోనే దాటుతున్నారు. నేనూ గోడల మీద కార్లే గీస్తున్నాను. చక్రాల కింది నేల గీత మాత్రం గీయను. పెళ్లికూతురిని పిలిచి, పసుపు చేతిలో కుంచె పెడతాను.

“చక్రం జర మట్టిల దిగేటట్టు గియ్యి బిడ్డా. నువ్వున్నవ్ అందుల.”