దూలాలకు వేలాడిన మట్టిముద్దలు

మా మేనత్త అప్పాయమ్మ పురిటిగదిలోంచి పసిబిడ్డను ఎత్తుకుపోయి దయ్యానికి ఇవ్వబోయిందని సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల్లి వెంటపడి బిడ్డను లాక్కుంటే, ఆ కోపంతో దయ్యం గది కప్పు కూల్చిందట. అంతకు ముందే ఆవిడ ఆ గదిలో రెండు మట్టిబొమ్మలు వేలాడదీసిందట. ఒకటి కిందికి దిగినకొద్దీ లోపలి మనిషికి ఆయువు తగ్గుతుందట.

వేలాడదీసిన మాట నిజమే. నన్ను వీధిబడి మాన్పించి ఘోషాలో కూర్చోబెట్టిన ఏడాది అది. ఇంట్లోనే ఉండి అంతా చూశాను.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మా తోటలకు కాలవ నీళ్లు వచ్చి కొబ్బరి విరగకాసింది. మా నాన్న బంగారరాజు గారు కాయలన్నీ కురిడీల కోసం వెనకగది అటక మీద పోయించేవారు. నెలల తరబడి అక్కడ ఉంటే నీరు ఇంకిపోయి, కదిపినప్పుడు లోపల కొబ్బరి లొటలొటమంటుంది. ఆ అటక పలకలను రెండు దూలాలు మోసేవి. ఒకటి గోదారిలో తెప్ప కట్టి తెచ్చిన టేకు. దాని జతది వరదలో కొట్టుకుపోతే, ఆ చోట ఆరీ ఆరని తాటిదూలం వేశారు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు, ఇల్లంతా కునుకు తీసే వేళ, అటక మీద ఒక కాయ దొర్లేది. ఆగేది. మళ్లీ ఇంకొకటి. లొట... లొట... ఎవరో ఆగి ఆగి నడుస్తున్నట్టు. నిచ్చెన వేసి చూస్తే ఎవరూ ఉండరు. కాయలు మాత్రం ఒకే వైపు, ఎవరో పిలిస్తే వచ్చినట్టు గుమిగూడి ఉండేవి. చనిపోయిన నాయనమ్మ తిరుగుతోందన్నారు. దొర్లే చోటు లేకపోతే నడక ఆగుతుందని నాన్న ఆ వైపే ఇంకా కాయలు పోయించారు. నడక ఆగింది. తాటిదూలం మూలగడం మొదలైంది.

బండిచక్రం బాగుచెయ్యడానికి వడ్రంగి ఏడుకొండలు వచ్చినప్పుడు, అత్తయ్య తలుపు వెనకనుంచి ఆ మూలుగు సంగతి అతన్ని అడిగింది. మా ఇళ్లలో ఆడదాని గొంతు పరాయి మగవాడి చెవిన పడకూడదు. విధవరాలిదైతే అసలే పడకూడదు. అతను గోడవైపు తిరిగి జవాబు చెప్పాడు. ఇప్పుడు అతను లేడు కాబట్టి పేరు రాయవచ్చు.

"రాజుగారికి చెప్పేనండి. ఏనుగెక్కినా విరగవురా అన్నారండి. ఆయ్, విరగవండి. టేకు వంగదు, తాడి వంగుతాదండి. రెండూ కలిసి వంగితే పలకలు కదలవు. ఒక్కటే వంగితే జారిపోతాయండి."

"ఎంతవరకూ భయం లేదు?"

"రెండిటికీ ఒకే పొడుగు దారాలు కట్టి మట్టిముద్దలు వేలాడదీయండి. ముద్దల మధ్య బొటనవేలంత ఎచ్చుతగ్గు ఉంటే ఉండనీయండి. పిడికిలంత అయితే కింద మనుషులు ఉండకూడదండి. నేను చెప్పేనని మాత్రం అనకండి అమ్మగారూ. మీతో మాట్లాడేనని తెలిస్తే నా వీపు చీరేస్తారు."

అత్తయ్య ముద్దలు కట్టింది. తరవాత మా అమ్మ భూలక్ష్మికి ఆ గదిలోనే పురుడు వచ్చింది. గాలి లేకపోయినా ముద్దలు మెల్లగా తిరిగేవి. తాటిదూలపు ముద్ద అమ్మ మంచం వైపు దిగుతూ వచ్చింది. విధవ పురిటిగదిలో అడుగు పెట్టకూడదు కాబట్టి అత్తయ్య గుమ్మంలోనే నిలబడి, తన బొటనవేలు చూసుకుని, ముద్దలకేసి చూసేది.

"ఆ చూపేంటండీ వదినగారూ? పిల్లాడు బెదిరిపోతున్నాడండీ."

"ఆ గది వద్దు భూలక్ష్మీ. నా గదిలోకి వచ్చెయ్యి."

"బాలింతని మీ గదిలోకా? బావుందండీ! వద్దని మీకెవరు చెప్పేరు?"

అత్తయ్య ముద్దలకేసి ఇంకోసారి చూసి గుమ్మం దగ్గరనుంచి వెళ్లిపోయింది.

నాన్న దారాలు తెంపించి ముద్దలు కాలవలో పారేయించారు. "ఇంకోసారి ఈ గుమ్మం దరికొస్తే నరసాపురం పడవెక్కించేస్తాను అక్కయ్యా" అన్నారు. ఆవిడకు వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు.

కాని తెంపేముందే ఆవిడ చూసింది. పిడికిలంత తేడా.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే అత్తయ్య గడప దాటింది. ఒక్క మాట లేకుండా అమ్మ పక్కలోంచి పిల్లాణ్ణి తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది. పచ్చి బాలింత అయినా అమ్మ కేకలు పెడుతూ వెంటపడింది. కొబ్బరిచెట్ల మధ్య అత్తయ్య చెయ్యి కొరికి బిడ్డను లాక్కుంది. అప్పుడు వెనకగదిలో కాయలు మళ్లీ నడిచాయి. ఈసారి అన్నీ ఒక్కసారే.

దూలాలు రెండూ విరగలేదు. మధ్య పలకలు జారాయి. కాయల కింద మంచం ఎక్కడుందో కనపడలేదు.

మర్నాడు అత్తయ్యను పడవ ఎక్కించారు. రేవులో కూడా నాన్న అడిగారు, ఎవరు నేర్పారు ఈ విద్య అని. ఆవిడ చెప్పలేదు.

కప్పు కూలినప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు.