హాట్ ప్రెస్‌లో పెట్టిన గుడ్డలు

మెట్లెక్కుతుంటే మాడిన నూనె వాసన తగిలింది. పిల్లలిద్దరూ పైగదిలో నిద్రపోతున్నారు. ఆ గది పక్కనే వేడినీళ్ల ట్యాంకు ఉన్న బట్టల అలమర. ఐర్లండ్‌లో దాన్ని హాట్ ప్రెస్ అంటారు. కుంచెలు తుడిచిన పాత చీర ముక్కల్ని మధ్యాహ్నం నేనే అందులో కుక్కాను. బయట వాన, అక్కడైతే ఆరతాయనుకున్నాను.

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి మేముండే చెర్రీవుడ్ నుంచి వచ్చి, ఎన్నిస్ ఊరి దగ్గర బొమ్మలు నేర్పే నోరా అనే పెద్దావిడ ఇంట్లో దిగాం. "కొండ ఎలా ఉందో కాదు, నీకెలా అనిపిస్తోందో అది వెయ్యి" అనేది. ఇంటి ఎదుట పొగమంచులో తేలే ఆ కొండకు నేను భయంభయంగా ఆకుపచ్చే అద్దుతూ వచ్చాను.

హాట్ ప్రెస్ తలుపు తీసి నేను పెట్టిన కేకకు నోరా పరుగున వచ్చి, పొగలు కక్కుతున్న గుడ్డల్ని పటకారుతో తీసి బకెట్ నీళ్లలో ముంచింది.

"రంగుల్లోని అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి పెడితే వాటంతటవే అంటుకుంటాయి. ఎవరు పెట్టారు?"

"నేనే" అని ఏడ్చేశాను.

"యూ ఆర్ గ్రాండ్, లవ్. ఏం ఫర్వాలేదు. నేనైతే మొదటి ఏడాదే షెడ్డు తగలబెట్టాను. మా ఆయన ఇంకా ఎత్తిపొడుస్తాడు."

పాలు ఒలికినా పిల్లల మీద అరిచే నాకు అది వింతగా తోచింది. టీ తాగాక ఆమె కుంచె చేతికిచ్చింది. రాత్రయినా వేసవి వెలుతురు ఇంకా మిగిలే ఉంది. మంచు కదులుతుంటే కొండ ఊపిరి పీలుస్తున్నట్టుంది. నాకెలా అనిపించిందో అలా, కొండనంతా ఎర్రగా వేశాను.

"మమ్మీ, వై ఈజ్ ఇట్ రెడ్?" అంది మా పెద్దమ్మాయి పొద్దున్నే బొమ్మ చూసి.

ఇద్దర్నీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. "తప్పు నాదే. మీరూ ఏదైనా తప్పు చేస్తే దాచకండి, ముందు నాతో చెప్పండి. నేను అరవను."