కాలవలో ఈదిన గంగాళం

పెళ్లయిన కొత్తలో నేను ధవళేశ్వరంలో ఒక ఇంజనీరు దొరగారి బంగళాలో వంట చేసేవాణ్ణి. ఆయన ఇంట్లోనే బీరు కాయించుకునేవారు. మరిగిన బార్లీ కషాయం త్వరగా చల్లారకపోతే బీరు పాడవుతుందని కంగారు పెట్టేవారు. తడిగుడ్డలు చుట్టినా లాభం లేక, ఒకరోజు కషాయం ఉన్న గంగాళానికి మూత బిగించి పెరటి కాలవలో దింపాను. పడవ అల తగిలి అది కాస్తా కొట్టుకుపోయింది! ఉద్యోగం పోయిందనుకుంటూ గట్టు వెంట పరుగెత్తాను. చేపలు పడుతున్న నూకరాజు వల విసిరి ఆపాడు.

"ఏంటండీ, గంగాళం ఈతకొచ్చిందా?" అన్నాడు.

బంగళాకి మోసుకొచ్చి మూత తీస్తే కషాయం చల్లగా ఉంది. దొరగారు వేలు ముంచి, "ఇంత త్వరగా ఎలా?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, మర్నాడే గంగాళం కట్టుకోవడానికి కాలవలో గుంజ పాతించారు. ఆనాటి నా పరుగు తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.